ఇల్లు అమ్మి ఆర్వీలోకి మారుతున్నారా? సంతకానికి ముందు వారంటీ పుస్తకం అడగండి

అమెరికాలో సొంత ఇల్లు అమ్మేసి, ఆర్వీ (పడక, వంటిల్లు అన్నీ ఉండే ఇంటిలాంటి బండి) కొనుక్కుని, ఏడాది పొడవునా అందులోనే ఉందామని ఆలోచిస్తున్న తెలుగువారి కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా పిల్లలు ఉద్యోగాలకు వెళ్లిపోయి, నాలుగు పడకగదుల ఇంట్లో ఇద్దరే మిగిలి, టెక్సాస్ ఆస్తిపన్ను బిల్లు వచ్చినప్పుడల్లా నిట్టూర్చే మా ఈడువారి కోసం. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు ఇల్లు అమ్మి చూడమని మాత్రం అనలేదు. ఆ ముచ్చట మాకు తీరింది.

అసలు సంగతి ముందే చెబుతాను. డీలరు మీకు ఇల్లని చెప్పి అమ్మే బండిని, దాని వారంటీ పుస్తకమే ఇల్లు కాదంటుంది. చాలా కంపెనీల వారంటీలో ఒక చిన్న పేరా ఉంటుంది: ఈ వాహనం వినోద ప్రయాణాలకు, తాత్కాలిక బసకు మాత్రమే ఉద్దేశించినది; శాశ్వత నివాసంగా వాడితే వారంటీ వర్తించదు. ఆర్వీలకు పాటించే ఎన్ఎఫ్‌పీఏ 1192 భద్రతా ప్రమాణం కూడా వీటిని తాత్కాలిక వసతిగానే చూస్తుంది. కొన్ని కంపెనీలు ఏడాదంతా ఉండేవారికీ వారంటీ ఇస్తాయి కానీ, అవి తక్కువ.

మేము డాలస్ శివార్లలోని ఒక డీలరు దగ్గర కొత్త ఫిఫ్త్ వీల్ ట్రైలర్ (పికప్ ట్రక్కు వెనక తొట్టికి తగిలించి లాగే ఆర్వీ) తీసుకున్నాం. డీలరు పేరు ఇక్కడ రాయను, ఫిర్యాదు నడుస్తోంది. మొదటి రోజే మావారు వారికి విషయం చెప్పారు: ఇల్లు అమ్మేస్తున్నాం, ఇకమీదట మేం ఉండేది ఇందులోనే. అమ్మకాల మనిషి "నాలుగు కాలాలూ హాయిగా ఉండవచ్చు, దీన్ని చేసిందే అందుకు" అంటూ తలుపు పక్కన అంటించిన స్టిక్కరు కూడా చూపించాడు. వారంటీ పుస్తకం చూపించమని నేనే అడిగాను. డెలివరీ రోజున మిగతా కాగితాలతో కలిపి సంచిలో పెట్టి ఇస్తామన్నాడు. అలాగే ఇచ్చారు, సంతకాలన్నీ అయ్యాక, ట్రైలర్ వంటింటి సొరుగులో.

ఇక్కడ ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. 1975 నాటి మాగ్నసన్ మాస్ చట్టం కింద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పెట్టిన నియమం ఒకటి ఉంది. 15 డాలర్లకు మించిన వస్తువుకు రాతపూర్వక వారంటీ ఉంటే, దాన్ని కొనుగోలుదారు కొనేముందే చదువుకునే వీలు కల్పించాలి. పదిహేను డాలర్ల వస్తువుకే ఆ హక్కు ఉంటే, లక్ష డాలర్ల బండికి ఉండదా? "డెలివరీ రోజున ఇస్తాం" అన్న మాట వినబడితే లేచి బయటకు నడవండి.

మొదటి పెద్ద వాన ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర కురిసింది. పక్కకు జరిగే గది మూలలో నుంచి నీళ్లు లోపలికి వచ్చాయి. పరుపు కింద చెక్క మెత్తబడింది, బయటి ఫైబర్‌గ్లాస్ గోడ పొంగింది. ఆర్వీల్లో గోడ పొంగడమంటే లోపలి జిగురు విడిపోతున్నట్టు. పైన మందు పూసి వదిలేస్తే సరిపోదు, గోడ ఊడదీయాల్సిందే. క్లెయిము పంపితే జవాబు ఒక్క పేజీలో వచ్చింది. ఫారంలో శాశ్వత చిరునామా అన్నచోట ఆర్వీ పార్కు చిరునామా ఉంది కాబట్టి ఇది నివాస వినియోగం, కాబట్టి వారంటీ చెల్లదు. డీలరును నిలదీస్తే అమ్మకపు ఒప్పందంలోని ఇంకో వాక్యం చూపించారు: నోటిమాటగా ఇచ్చిన హామీలేవీ ఈ ఒప్పందంలో భాగం కావు.

సరే, ఫైనాన్స్ గదిలో వేల డాలర్లు పెట్టి కొనిపించిన సర్వీస్ కాంట్రాక్టు ఉంది కదా అనుకున్నాం. దాన్ని అక్కడ అందరూ ఎక్స్‌టెండెడ్ వారంటీ అనే పిలుస్తారు. నిజానికి అది వేరే కంపెనీతో చేసుకునే వేరే ఒప్పందం. అందులో నీటి వల్ల కలిగే నష్టం మినహాయింపుల జాబితాలో ఉంది. ఆర్వీలో మొదట పాడయ్యేది నీటి వల్లే. ఇంత తెలివిగా రాసినవారికి దండం పెట్టాలి.

మరమ్మతు మన డబ్బుతోనే చేయించుకుందామన్నా ఇంకో చిక్కు. వర్క్‌షాపులు తమ దగ్గర కొన్నవారి పని ముందు చూసి, బయటివారి బండిని వెనక పెడతాయి. విడిభాగాలు రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు. కారు షెడ్డుకు వెళితే ఇంట్లో కూర్చుంటాం. ఇల్లే షెడ్డుకు వెళితే? పరుపులు, మందులు, పాస్‌పోర్టులు, పూజ సామాను అన్నీ దాని లోపలే ఉన్నాయి. ఇప్పుడు మేం అర్వింగ్‌లో అపార్ట్‌మెంట్ అద్దెకు తీసుకుని ఉంటున్నాం. ట్రైలర్ అప్పు వాయిదా వేరే కడుతున్నాం. టెక్సాస్ లెమన్ చట్టం (లోపాలున్న కొత్త బండి కొన్నవారిని ఆదుకునే చట్టం) లాగుడు ట్రైలర్లకు కూడా వర్తిస్తుంది కాబట్టి రాష్ట్ర మోటారు వాహనాల శాఖకు ఫిర్యాదు ఇచ్చాం.

ఈ లెమన్ చట్టం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఫ్లోరిడాలో ఆర్వీ ఇంజను, చాసిస్ వంటివి దాని కిందికి వస్తాయి, లోపలి నివాస భాగం రాదు. ఇండియానా చట్టం మోటార్‌హోములను పూర్తిగా పక్కన పెట్టింది. దేశంలో తయారయ్యే ఆర్వీల్లో అత్యధిక భాగం ఆ ఇండియానాలోనే, ఎల్కార్ట్ చుట్టుపక్కల తయారవుతాయి. వివాదం వస్తే ఇండియానా కోర్టులోనే తేల్చుకోవాలని చాలా వారంటీల్లో షరతు ఉంటుంది. ఇది యాదృచ్ఛికమని నేననుకోను.

ఆర్వీ షోలకు వెళ్లేవారికి ఒక ముక్క. మూడు రోజుల్లో వెనక్కి ఇచ్చేయవచ్చన్న నమ్మకంతో అడ్వాన్సు కట్టకండి. ఆ మూడు రోజుల నియమం ఇంటికి వచ్చి అమ్మేవారికి, తాత్కాలిక వేదికల మీద అమ్మేవారికి వర్తిస్తుంది. కానీ ఎక్కడో ఒకచోట స్థిరమైన దుకాణం ఉన్న డీలరు షోలో అమ్మే మోటారు వాహనాలకు అందులో మినహాయింపు ఉంది.

కొత్తది వద్దు, వాడినది తీసుకుంటామంటారా? మంచి ఆలోచనే, ధర పడిపోయే దెబ్బ మొదటి యజమాని తినేసి ఉంటాడు. కానీ తయారైన సంవత్సరం చూడండి. కరోనా కాలంలో గిరాకీ పెరిగి, 2021లో 6 లక్షలకు పైగా ఆర్వీలు ఫ్యాక్టరీల నుంచి బయటికి వెళ్లాయి. 2023కి అది సుమారు 3,13,000కు పడిపోయింది. ఆ హడావుడిలో చేసినవాటిలో పనితనం గురించి ఫిర్యాదులు చాలా విన్నాను, ఇప్పుడు వాడినవాటి సంతలో కనిపించేవి ఎక్కువగా అవే. కొత్తదైనా పాతదైనా డీలరుతో సంబంధం లేని ఇన్‌స్పెక్టర్‌ను మీరే పెట్టుకోండి. కప్పు ఎక్కి సీలెంట్ చూడాలి, తేమ మీటరుతో గోడలు పరీక్షించాలి, టైరు మీద డాట్ అక్షరాల తర్వాత చివరి నాలుగు అంకెలు చదవాలి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. టైరుపై గాట్లు ఎంత లోతుగా ఉన్నా, ఐదారేళ్లు దాటితే దాని మీద ఇంటి బరువు మోపకండి. బండి నంబరుతో రీకాల్స్ ఉన్నాయేమో జాతీయ రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైటులో ఉచితంగా చూడవచ్చు.

బరువు దగ్గర అమ్మకాల మనుషులు ఎక్కువ మందిని ముంచుతారు. మీ పికప్ ట్రక్కు ఎంత లాగుతుందో చెబుతారు. అది ఎంత మోస్తుందో చెప్పరు. ఫిఫ్త్ వీల్ బరువులో దాదాపు ఐదో వంతు ట్రక్కు వెనక తొట్టి మీద పడుతుంది. 14,000 పౌండ్ల ట్రైలరైతే సుమారు 2,800 పౌండ్లు. చిన్న పికప్పులు చాలావరకు 2,000 పౌండ్ల లోపే మోయగలవు, అందులో మీరిద్దరి బరువు, హిచ్ (ట్రైలర్‌ను తగిలించే సాధనం) బరువు కూడా కలపాలి. డ్రైవరు తలుపు తెరిస్తే పక్కన పసుపు స్టిక్కరు మీద ఉండే అంకే నిజం. ట్రైలర్‌లో సామాను ఎంత పెట్టవచ్చో చెప్పే స్టిక్కరు వేరే ఉంటుంది. గ్యాలను నీరు 8.3 పౌండ్లు, 60 గ్యాలన్ల ట్యాంకు నింపితేనే 500 పౌండ్లు అయిపోయాయి. ఆ తర్వాత మన రాతి గ్రైండరు, బియ్యం బస్తాలు, ఇత్తడి సామాను, ఏడాదికి సరిపడే ఆవకాయ జాడీలు. సామానంతా ఎక్కించి ట్రక్‌స్టాపులోని తూకం మీద ఒకసారి నిలబెట్టండి, కొద్ది డాలర్లతో పోతుంది.

కరెంటు గురించి కూడా ఎవరూ చెప్పరు. పెద్ద ట్రైలర్లకు 50 ఆంపియర్ల కనెక్షను ఉంటుంది, దాని మీద 12,000 వాట్ల దాకా వాడుకోవచ్చు. స్టేట్ పార్కుల్లో చాలాచోట్ల దొరికేది 30 ఆంపియర్లు, అంటే 3,600 వాట్లు. ఏసీ నడుస్తుండగా ఇండక్షన్ పొయ్యి మీద పప్పు పెట్టి, కెటిల్‌లో నీళ్లు కాచుకోబోతే బ్రేకరు పడిపోతుంది. గ్యాసు పొయ్యి మీద పోపు వేస్తే పొగ అలారం మోగుతుంది. రెండు పూటలా అన్నం వండే ఆవిరి కిటికీలకు పట్టి, చలికాలంలో గోడల వెంట బూజు తెస్తుంది. చిన్న డీహ్యుమిడిఫయర్ కొనక తప్పదు.

బీమా కంపెనీకి నిజం చెప్పండి. సెలవుల్లో తిరిగేవారి పాలసీ వేరు, అందులోనే కాపురం ఉండేవారి పాలసీ వేరు. వెల ఎక్కువే. ఆరోగ్య బీమా విషయానికొస్తే, 65 నిండి ఒరిజినల్ మెడికేర్ ఉన్నవారికి ఇబ్బంది తక్కువ, దాన్ని అంగీకరించే వైద్యులు దేశమంతటా ఉంటారు. మెడికేర్ అడ్వాంటేజ్ (ప్రైవేటు బీమా కంపెనీలు నడిపే మెడికేర్) తీసుకున్నవారు, ఇంకా 65 రాక మార్కెట్‌ప్లేస్ ప్లాను మీద ఉన్నవారు తమ నెట్‌వర్క్ ఏ ప్రాంతానికి పరిమితమో ముందే కనుక్కోవాలి. అత్యవసర చికిత్స దొరుకుతుంది కానీ, నెలనెలా చూపించుకునే గుండె డాక్టరు ఆరిజోనాలో దొరక్కపోవచ్చు.

ఇంట్లోంచే పని కదా, ఆర్వీలో తిరుగుతూ చేసుకుంటాం అనే కుర్రవాళ్లు ఈ మధ్య మావారికి ఫోన్లు చేస్తున్నారు. పౌరసత్వం వచ్చినవారైతే మీ ఇష్టం. హెచ్1బీ మీద ఉన్నవారు మాత్రం వద్దు. మీ అనుమతి దరఖాస్తులో పనిచేసే చోటు రాసి ఉంటుంది. పని ఆ మహానగర ప్రాంతం దాటితే కంపెనీ సవరణ పిటిషను వేయాలని 2015లో సిమియో కేసులో తేల్చారు. గ్రీన్‌కార్డు ఉన్నవారు కూడా చిరునామా మారిన 10 రోజుల్లో ఏఆర్-11 ఫారం ద్వారా ఇమిగ్రేషన్ శాఖకు తెలియజేయాలి. నైరుతి రాష్ట్రాల్లో సరిహద్దుకు దూరంగా లోపలి రహదారుల మీద కూడా బోర్డర్ పెట్రోల్ తనిఖీ కేంద్రాలు ఉంటాయి, కాబట్టి కార్డు లాకరులో కాదు, జేబులో ఉండాలి.

ఇక ఇల్లు. 2021 జనవరిలో ముప్పై ఏళ్ల గృహరుణం సగటు వడ్డీ 2.65 శాతానికి దిగింది, 2023 అక్టోబరులో 7.8 శాతం దరిదాపులకు చేరింది. ఆ పాత వడ్డీ అప్పు మీ ఇంటి మీద ఉంటే, ఇల్లు అమ్మిన రోజున అదీ పోతుంది. ఆర్వీ నచ్చక తిరిగి వచ్చినా ఆ వడ్డీకి ఎవరూ అప్పివ్వరు. లాభం మీద పన్ను పడుతుందన్న భయంతో తొందరపడి అమ్మేవారు కూడా ఉన్నారు. అమ్మే నాటికి వెనకటి ఐదేళ్లలో రెండేళ్లు ఆ ఇంట్లో నివసించి ఉంటే, దంపతులకు కలిపి 5 లక్షల డాలర్ల లాభం దాకా మినహాయింపు దొరుకుతుంది. అంటే ఇల్లు అద్దెకిచ్చి, రెండేళ్లు ఆర్వీలో తిరిగి చూసి, అప్పుడు అమ్ముకున్నా ఆ మినహాయింపు చేజారదు. అద్దెకిచ్చిన కాలానికి తీసుకున్న తరుగుదల మీద కొంత పన్ను పడుతుంది, అకౌంటెంటును అడగండి.

అమ్మడానికే నిశ్చయించుకుంటే, టెక్సాస్‌లో అమ్మిన తర్వాత కూడా అదే ఇంట్లో అద్దెకు ఉండే వీలుంది. రియల్ ఎస్టేట్ కమిషన్ ఇచ్చే ప్రామాణిక పత్రం ప్రకారం 90 రోజుల వరకు. కొన్నవారు ఒప్పుకోవాలి, అంతే. ఆ గడువులో ట్రైలర్ డెలివరీ తీసుకుని ఇంటి ముందో, దగ్గరి పార్కులోనో నిలిపి, అన్ని కుళాయిలూ తిప్పి, గదులు జరిపి, రెండు మూడు వానలు పడనివ్వండి. క్లెయిము పంపే అవసరం వచ్చినా అప్పటికి మీ శాశ్వత చిరునామా ఇంకా ఇంటిదే అయి ఉంటుంది. ఇంటి అమ్మకం ఒప్పందం రాసేటప్పుడే ఆ పత్రం జతచేయమని మీ ఏజెంటుకు చెప్పండి. అద్దె ఎంత, డిపాజిట్ ఎంత, కరెంటు బిల్లు ఎవరిది అన్నవి అందులోనే రాయించుకోండి.