హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ సర్వమత గృహనిర్మాణం: ఒక గుడి సభ్యురాలి సమీక్ష

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, అట్లాంటా శివారులోని మా గుడి నుంచి పన్నెండు మందిమి గత వసంతంలో, తక్కువ ఆదాయం గల కుటుంబాలకు ఇళ్లు కట్టే స్వచ్ఛంద సంస్థ హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ చేపట్టిన ఒక ఇంటి నిర్మాణంలో ఐదు వారాలపాటు శ్రమదానం చేశాము. ఒక చర్చి, ఒక మసీదు, ఒక యూదుల ప్రార్థనాలయం మాతోపాటు ఆ ఇంటి బాధ్యతను పంచుకున్నాయి. తమ గుడిని గాని, చర్చిని గాని ఇటువంటి పనిలోకి తీసుకురావాలని ఆలోచించే తెలుగువారికి ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

ఇక్కడ ఎవరికీ ఇల్లు ఉచితంగా రాదు. ఎంపికైన కుటుంబం ఇంటిని కొనుక్కొని నెలనెలా వాయిదాలు కడుతుంది. ఆ పైన తన ఇంటి మీదా, ఇతరుల ఇళ్ల మీదా కొన్ని వందల గంటలు పనిచేస్తుంది. ఇంటి అవసరం ఎంత ఉంది, వాయిదా కట్టే శక్తి ఉందా, పనిలో చేయి కలుపుతారా అన్నవి మాత్రమే చూస్తారు; మతం అడగరు. మేము పనిచేసిన ఇంటి యజమానురాలు ఇద్దరు పిల్లల తల్లి. తన ఇంటి గోడ చట్రాన్ని మా అందరితో కలిసి ఎత్తి నిలబెట్టిన క్షణంలో ఆమె ముఖం చూసినప్పుడు, మా ఊళ్లో గుమ్మం ఎత్తిన రోజున మా అమ్మ ముఖం నాకు గుర్తుకు వచ్చింది.

ఈ పద్ధతి పుట్టింది కూడా జార్జియాలోనే. నల్లవారూ తెల్లవారూ ఒకే బల్ల దగ్గర భోంచేయడమే నేరంగా భావించిన రోజుల్లో, 1942లో, క్లారెన్స్ జోర్డాన్ తదితరులు కొయినోనియా ఫార్మ్ అనే క్రైస్తవ వ్యవసాయ సముదాయాన్ని స్థాపించారు. తమ సంపదను వదులుకొని అక్కడికి చేరిన మిల్లర్డ్ ఫుల్లర్, లిండా ఫుల్లర్ దంపతులు 1976లో, దానికి సమీపంలోని అమెరికస్ పట్టణంలో హ్యాబిటాట్‌ను ప్రారంభించారు. పేదవానికిచ్చిన సొమ్ముకు వడ్డీ తీసుకోరాదన్న, బైబిల్లోని నిర్గమకాండం ఆజ్ఞను వారు అక్షరాలా పాటించి, లాభమూ వడ్డీ లేకుండా ఇళ్లు అమ్మారు. భారతదేశంలో ఈ సంస్థ పని 1983లో మన ఖమ్మంలోనే మొదలైందని తెలిసి మా బృందంలోని ఖమ్మం వారు ఎంతో సంతోషించారు.

నా దృష్టిలో ఈ ఏర్పాటుకు ప్రాణం ఆ వడ్డీ విషయమే. 2,00,000 డాలర్ల అప్పును 30 ఏళ్లలో తీర్చాలంటే ఆరు శాతం వడ్డీకి నెలకు దాదాపు 1,200 డాలర్లు కట్టాలి. వడ్డీ లేకపోతే 556 డాలర్లు చాలు. ఈ రోజుల్లో అన్ని శాఖలూ సున్నా వడ్డీకే ఇవ్వడం లేదు. కొన్నిచోట్ల బ్యాంకుల ద్వారా తక్కువ వడ్డీకి ఇప్పిస్తున్నారు కాబట్టి మీ ప్రాంతపు శాఖను ముందే అడిగి తెలుసుకోవాలి. మేకులు కొట్టడానికి మనుషులు ఎక్కడైనా దొరుకుతారు. ఏళ్ల తరబడి వడ్డీ ఆశించకుండా ఇవ్వగల డబ్బు మాత్రం మతసంస్థల దగ్గరే ఉంటుంది. మా సంఘం ఒక పండుగ హుండీని ఏటా ఇందుకు కేటాయించాలని నిర్ణయించడం ఐదు వారాల శ్రమకంటే పెద్ద సాయమని నేను నమ్ముతున్నాను.

పని నిర్వహణ మెచ్చుకోదగినది. పనిముట్లు, శిరస్త్రాణాలు వారే ఇస్తారు; ఏమీ తెలియని వారికి కూడా మేస్త్రీ ఓపికగా నేర్పుతారు. యూదు మిత్రులకు శనివారం విశ్రాంతి దినం, క్రైస్తవులకు ఆదివారం ఆరాధన ఉంటుంది కాబట్టి వంతులు వేసుకోవడానికే రెండు సమావేశాలు పట్టాయి. మధ్యాహ్న భోజనం మేము తీసుకువెళ్లిన పులిహోర, పెరుగన్నం కావడంతో మాంసం గురించిన చర్చ రాలేదు. కొందరు తమ మతపరమైన ఆహార నియమం ప్రకారం తమ డబ్బాలు తాము తెచ్చుకున్నారు.

లోటు మా వైపే ఉంది. గోడలు లేచే మొదటి వారం మా నుంచి పన్నెండు మందీ వచ్చారు. రంగులు, గచ్చు, మెట్ల పని మిగిలిన చివరి వారం నలుగురమే మిగిలాము. ఇల్లు పూర్తయ్యేది ఆ చివరి వారాల్లోనే కనుక, పేర్లు నమోదు చేసేటప్పుడే ఎవరు ఏ వారం వస్తారో రాయించుకోవడం మంచిది.

స్థలం ఉన్న గుడులకు మరొక దారి కూడా ఉంది. కాలిఫోర్నియాలో 2024 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన చట్టం, మతసంస్థలు తమ భూమిలో తక్కువ ఆదాయం గల కుటుంబాలకు ఇళ్లు కట్టడాన్ని సులభం చేసింది. పండుగ రోజుల్లో తప్ప నిండని పార్కింగ్ స్థలాలున్న అక్కడి మన గుడులు దీన్ని గంభీరంగా పరిశీలించాలి.

వెళ్లదలచినవారికి రెండు మాటలు: నిర్మాణ స్థలంలో పనికి 16 ఏళ్లు నిండాలి, 18 లోపు వారిని కరెంటు పనిముట్లు ముట్టనివ్వరు. మూసి ఉన్న గట్టి బూట్లు వేసుకొని వెళ్లండి.