శ్రీకాకుళం డాబా మీద డ్రెయిన్ సెల్ పరుపు: కొన్నేళ్లు వాడాక

కుండీలు కాకుండా శ్లాబు మీదే మట్టి పరిచి మొక్కలు పెంచాలంటే డ్రెయిన్ సెల్ పలకలు (మట్టి కింద నీళ్లు పారడానికి ఖాళీ ఉంచే కన్నాల ప్లాస్టిక్ పలకలు) కొనదగ్గ వస్తువే. మా ఎండకు చిట్లలేదు, మట్టి బరువుకు నలగలేదు. ఇబ్బందంతా వాటి మీద పరిచే గుడ్డతోనే.

కింది నుంచి వరస ఇదీ: వాటర్‌ప్రూఫింగ్, వేళ్లు దిగకుండా 500 మైక్రాన్ల షీటు, 30 మిల్లీమీటర్ల డ్రెయిన్ సెల్, నీటిని వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ, ఆపైన 10 సెంటీమీటర్ల మట్టి. షీటు వేసే ముందు తూములు మూసి 48 గంటలు నీళ్లు నిలబెట్టి చూడండి. తర్వాత చెమ్మ కనబడితే మొత్తం పెళ్లగించాల్సిందే.

గుడ్డ 200 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 200 గ్రాములు) నాన్‌వోవెన్, అంటే నేయని రకం తీసుకోండి. అయినా ఉత్త ఎర్రమట్టి పోస్తే అందులోని బంకమన్ను గుడ్డను పూడ్చేస్తుంది. వాన వెలిసినా పైన నీళ్లు నిలిచి, గొట్టంలోంచి చుక్కలే పడుతున్నాయంటే అదే జబ్బు. రెండు పాళ్లు కొబ్బరి పొట్టు, ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన గత్తం కలిపితే పూడిక బాగా తగ్గుతుంది, బరువూ తగ్గుతుంది. ఉత్త మట్టి తడిస్తే చదరపు మీటరుకు 180 కిలోల దాకా తూగుతుంది. మనుషులు ఎక్కే డాబాకు ఐఎస్ 875 (కట్టడాల మీద పడే బరువులకు భారతీయ ప్రమాణం) లెక్క 150 కిలోలే! ఈ మిశ్రమమైనా సుమారు 120 ఉంటుంది కాబట్టి ముందు ఇంజినీరుకు చూపించండి.

కొబ్బరి తోటల ఉద్దానం పుణ్యమా అని పొట్టుకు మనకు కొదవ లేదు. అందులో ఉప్పు ఉంటుంది, మూడుసార్లు నీళ్లు మార్చి నానబెట్టి వాడాలి. అయిదు కిలోల పొట్టు ఇటుక ఒకటి చదరపు మీటరుకు లెక్కేసుకోండి, అణిగిపోతుంది.

తూము చుట్టూ అడుగు మేర మట్టి వద్దు, 20 ఎంఎం కంకర పోసి పైన జాలీ పెట్టండి. 2018 తిత్లీ, 2021 గులాబ్ తుపాన్లు రెండూ ఈ జిల్లాలోనే తీరం దాటాయి. అలాంటి వానకు ఒక్క తూము చాలదు.

నాచుపూలు, పావిలికూర, చిలగడదుంప తీగ బాగా పాకాయి. దళసరి ఆకుల సీడమ్ మొక్క వానల్లో కుళ్లిపోయింది. పిట్టలు వేసే రావి మొలకను రెండాకుల మీద ఉండగా లాగితే తెల్లటి వేరుతో సహా వస్తుంది. నెల దాటితే తెగి, వేరు లోపలే ఉండిపోతుంది.

గోడకు తగిలించే గుడ్డ సంచులు మాత్రం కొనకండి. పడమటి గోడ మీద సాయంత్రానికే ఎండిపోతాయి, బోరు నీటి ఉప్పుకు డ్రిప్పు కన్నాలు పూడుకుపోతాయి. గోడకు జానెడు ఎడంగా తీగ వల కట్టి, నేలలోంచి రాధామనోహరం పాకిస్తే సరిపోతుంది.