ఎమ్‌జీబీ మీటర్లకు ఎల్‌ఈడీ బల్బులు: ఆ ఎర్రదాన్ని మాత్రం ప్యాకెట్లోనే ఉంచండి

ఈ కిట్‌లో ఆ ఒక్క ఎర్ర బల్బు లేకపోతే కళ్ళు మూసుకుని అయిదు స్టార్లు ఇచ్చేవాణ్ణి. రెండు చలికాలాలు వాడాక రాస్తున్నాను కాబట్టి కోపం కొంత చల్లారింది. పూర్తిగా చల్లారిందని మాత్రం చెప్పను.

బండి 1972 ఎమ్‌జీబీ జీటీ, పాతకాలం బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. మేం ఉండేది ఇంగ్లండ్‌లో, కోవెంట్రీ దగ్గర. ఈ బండి నడిపినవాళ్ళకు డాష్‌బోర్డులోని స్మిత్స్ కంపెనీ మీటర్ల రాత్రి వెలుతురు సంగతి చెప్పనక్కర్లేదు. 2.2 వాట్ల తిప్పి బిగించే బుల్లి బల్బులు, పైగా మీటరు లోపల ఆకుపచ్చ ప్లాస్టిక్ ఫిల్టర్లు. యాభై ఏళ్ళ వేడికి ఆ ప్లాస్టిక్ కమిలిపోయి, డిమ్మర్ పూర్తిగా తిప్పినా లైటు వెలుగుతోందో లేదో చెయ్యి అడ్డం పెట్టి చూసుకోవాల్సి వచ్చేది. ఎండాకాలంలో ఆదివారాలు షోలకి తీసుకెళ్ళి మధ్యాహ్నానికి ఇంటికొచ్చేసేవాళ్ళకి ఇదో సమస్యే కాదు. నేను దీన్ని ఆఫీసుకి వేసుకెళ్తాను. డిసెంబరులో ఇక్కడ నాలుగు దాటితే చీకటి, దారిలో సగం వీధి దీపాల్లేని పల్లె రోడ్డు. స్పీడు సంగతి ఎలా ఉన్నా ఆయిల్ ప్రెషర్ ముల్లు కనబడకపోతే నాకు ప్రాణం కుదుటపడదు. ఇంజను వేడెక్కాక పరుగులో 50 నుంచి 80 మధ్య ఉండాల్సిన ముల్లు ఎక్కడుందో తెలియకుండా ఇంకో గంట నడపడం నా వల్ల కాదు.

బల్బులు మార్చడం పెద్ద విద్యేం కాదు, కాకపోతే నడుముకి శిక్ష. తల పెడళ్ళ దగ్గర, కాళ్ళు సీటు మీద, నోట్లో టార్చి. హోల్డర్లు వెనక్కి లాగితే ఊడొస్తాయి. ముందు బ్యాటరీ వైరు తీసేయండి, ఆ సందులో స్పానరు ఎక్కడ తగులుతుందో చెప్పలేం. నేను చల్లటి తెలుపు కాకుండా కాస్త పసుపు కలిసిన తెలుపు తెప్పించాను. పాత ఆకుపచ్చ ఫిల్టర్ల మీద అది పడితే దాదాపు కంపెనీ రంగే వచ్చింది. ఇంకో మంచి పని, ఈ బల్బులకి చిప్పులు చుట్టూ ఉన్నాయి. ఈ మీటర్లలో వెలుతురు డయల్ వెనకనుంచి అంచుల చుట్టూ తిరిగి ముందుకు రావాలి. ముందుకు మాత్రమే కొట్టే చిప్పు పెడితే ఓ మూల మచ్చలా మెరిసి మిగతా అంతా చీకటిగా ఉంటుంది. మొదటి రాత్రి గ్యారేజీలో లైట్లన్నీ ఆర్పి స్విచ్చి వేస్తే, బండి కొన్న ఇన్నేళ్ళలో ఆయిల్ ప్రెషర్ మీటరు మీది చిన్న గీతలు చీకట్లో కనబడడం అదే మొదలు. మా ఆవిడని పిలిచి మరీ చూపించాను. "బాగానే ఉంది, అన్నం చల్లారిపోతోంది" అంది.

ఇక ఆ ఎర్రది. కిట్‌తో వచ్చిన కాగితంలో, బ్యాటరీకి ఛార్జింగ్ అందకపోతే వెలిగే ఛార్జింగ్ లైటు బల్బు కూడా మార్చమనే ఉంది, అందుకోసం విడిగా ఎర్ర ఎల్‌ఈడీ ఇచ్చారు. మార్చాను. మర్నాడు పొద్దున్న స్టార్ట్ చేస్తే ఇంజను హాయిగా తిరుగుతోంది, ఎర్ర లైటు మాత్రం ఆరదు. కాస్త గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే టక్కున ఆరింది. ఆరాక మళ్ళీ రాలేదు. రోజూ ఇదే వరస. మీటరు పెట్టి చూస్తే స్టార్ట్ చేయగానే బ్యాటరీ దగ్గర 12 వోల్టుల చిల్లర, ఒకసారి రేజ్ చేశాక 14 పైన. చలి ముదిరేకొద్దీ ఇంకా ఎక్కువ తొక్కాల్సి వచ్చేది. చల్లటి ఇంజనుని అలా అరిపించడం ఎంత పాపమో పాత బండ్లవాళ్ళకి తెలుసు.

బండిని ఓ గ్యారేజీకి తీసుకెళ్ళాను. పేరెందుకు లెండి. చూసీ చూడగానే, ఇంజనుతో తిరుగుతూ బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ పోయిందన్నారు. కిట్ ధరకి అయిదారు రెట్లు పెట్టి వేరే ఆల్టర్నేటర్ వేయించాను. ఇంటికొచ్చి, చల్లారనిచ్చి స్టార్ట్ చేస్తే అదే ఎర్ర లైటు, అదే మొండితనం. ఈసారి రెగ్యులేటర్ అనుమానం, ఆ తర్వాత వైరింగ్ మొత్తం మార్చాలన్న మాట. ఈలోగా ఓ సాయంత్రం వాన, వైపర్లు, హీటర్ ఫ్యాను, హెడ్‌లైట్లు అన్నీ వేసుకుని ట్రాఫిక్‌లో నత్తనడకన వస్తూ సిగ్నల్ దగ్గర ఇంజను ఆగింది. మళ్ళీ స్టార్టయింది గానీ రేజ్ చేసే సందు లేదు, ముందు బస్సు, వెనక లారీ. ఆ వరసలో హెడ్‌లైట్లు నారింజ రంగుకి దిగాయి, వైపర్లు ఈడ్చుకుంటూ నడిచాయి. డాష్‌బోర్డు మాత్రం పెళ్ళిపందిరిలా వెలిగిపోతోంది. పాత బల్బులైతే వోల్టేజి పడగానే అవీ మసకబారి ఓ హెచ్చరిక ఇచ్చేవి. ఇవి చివరిదాకా ఏమీ ఎరగనట్టే ఉన్నాయి. ఇంటికి రెండు వీధుల అవతల బండి పూర్తిగా చచ్చింది.

దాన్ని తోసుకొస్తుంటే ఎదురింటి పెద్దాయన బయటికొచ్చాడు. ఆయన జీవితమంతా కార్ల ఎలక్ట్రికల్ పనిలోనే గడిపి రిటైరయ్యాడు. విషయం అంతా విని, కొత్తగా ఏం మార్చావని అడిగి, "ముందు ఆ ఎర్ర లైటుకి పాత బల్బు పెట్టి చూడు మేట్" అన్నాడు. రాత్రంతా బ్యాటరీ ఛార్జింగ్ పెట్టి, పొద్దున్న పాత బల్బు బిగించి తాళం తిప్పాను. స్టార్టవగానే లైటు ఆరిపోయింది. యాక్సిలరేటర్ ముట్టుకోనే లేదు.

కారణం ఇది. ఈ బండిలో ఉండే లూకాస్ కంపెనీ ఏసీఆర్ రకం ఆల్టర్నేటర్ తనంతట తాను సరిగా మొదలవదు. లోపల తిరిగే రోటార్ చుట్టకి మొదట కొంచెం కరెంటు అందితే అది అయస్కాంతమై ఆ పైన తన కరెంటు తనే పుట్టించుకుంటుంది. ఎండిన బోరింగ్ పంపులో ముందు ఓ చెంబుడు నీళ్ళు పోసి కొడతామే, అలాగ. ఆ చెంబుడు కరెంటు వచ్చేది ఛార్జింగ్ లైటు బల్బు గుండానే. 2.2 వాట్ల బల్బులోంచి 12 వోల్టుల దగ్గర 0.18 ఆంపియర్లు పోతుంది. ఎల్‌ఈడీలోంచి అందులో పదోవంతు పోతే గొప్ప. వేగం బాగా పెరిగితే రోటార్‌లో మిగిలి ఉన్న కాస్త అయస్కాంతంతోనే ఎలాగో లేచి కూచుంటుంది, అందుకే రేజ్ చేస్తే ఆరేది. ఎల్‌ఈడీయే కావాలంటే దానికి సమాంతరంగా 68 ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్ వేయాలి. ఇంత చిన్న ముక్క కిట్ కాగితంలో ఒక్క లైను రాయడానికి వాళ్ళకేం రోగం?

పైన వెలుతురు గురించి అంత పొగిడాను కదా, దానికీ ఓ మెలిక ఉంది. బండిలో ఉన్న డిమ్మర్ వీటి మీద పనిచేయదు. అది వరసలో ఉన్న తీగచుట్ట. పాత బల్బులన్నీ కలిసి ముప్పావు ఆంపియర్ లాగుతున్నప్పుడు వోల్టేజిని తగ్గించగలదు గానీ ఎల్‌ఈడీలు లాగే పిసరంత కరెంటుకి అది ఉన్నా లేనట్టే. నల్లటి రోడ్డు మీద స్పీడోమీటర్ వెలుగు అద్దంలో పడి కళ్ళలో గుచ్చేది. చివరికి కరెంటుని చకచకా వేసి ఆర్పుతూ వెలుతురు తగ్గించే పీడబ్ల్యూఎం డిమ్మర్ విడిగా కొని వెనకాల దాచాను. ఇప్పుడు కంటికి హాయిగా ఉంది, మావాడు ఫోన్లో వీడియో తీస్తే మాత్రం మీటర్లు దడదడలాడుతూ కనిపిస్తాయి. పెట్రోలు మీటరు బల్బు బాగా చలిగా ఉన్న రోజుల్లో అప్పుడప్పుడూ మినుకుమంటుంది, వేలితో ఓసారి తిప్పితే సర్దుకుంటుంది.

మళ్ళీ కొంటానా? నా రోడ్డుకి, నా కళ్ళకి అయితే కొంటాను, మీటర్ల బల్బుల వరకే. రాత్రులు నడపనివాళ్ళు ఫిల్టర్లు తుడిచి పాత రకం కొత్త బల్బులు వేసుకుంటే చాలు. 1967కి ముందు ఎమ్‌జీబీ అయితే పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలిపి ఉంటుంది, ఎటు పెట్టినా వెలిగే రకం అని తేల్చుకున్నాకే కొనండి. గుంటూరులో మా బావమరిదికి ఓ అంబాసిడర్ ఉంది. ఫొటోలు చూసి "బావా, ఈసారి వచ్చేటప్పుడు నాకూ ఓ సెట్టు పట్రా" అన్నాడు. ముందు బానెట్ ఎత్తి ఉన్నది ఇంకా పాతకాలం డైనమోనా ఆల్టర్నేటరా చూసి చెప్పమన్నాను. డైనమో అయితే ఆ ఎర్ర లైటు సంగతి చూపించడానికే, ఏ బల్బు పెట్టుకున్నా ఛార్జింగ్ ఆగదు. ఆల్టర్నేటర్ అయితే ఎర్రది తీసేసి మిగతావే తెస్తాను. ఇంకా ఫోన్ చేయలేదు.