పిరమిడ్ సరస్సు యుద్ధం: మే దళం, జూన్ దళం

1859లో కామ్‌స్టాక్ వెండి గనులు వెలుగులోకి వచ్చాక జనం పోటెత్తిన కార్సన్ కౌంటీ నుంచి, అంటే అమెరికాలోని నేటి పశ్చిమ నెవాడా నుంచి, 1860లో నెల తిరగకముందే రెండు స్వచ్ఛంద దళాలు అక్కడి ఆదివాసులైన పైయూట్ తెగ మీదికి కదిలాయి.

మొదటిది ఆవేశంలో పుట్టింది. బాటసారుల మజిలీ అయిన విలియమ్స్ స్టేషన్‌లోని వారు పైయూట్ బాలికలను అపహరించి బంధించినందుకు ప్రతీకారంగా ఆ తెగవారు దాన్ని తగలబెట్టి అక్కడివారిని చంపగా, వర్జీనియా సిటీ, కార్సన్ సిటీ వంటి ఊళ్ల నుంచి సుమారు 105 మంది చేతికందిన ఆయుధాలతో బయలుదేరారు. మేజర్ విలియం ఆర్మ్స్‌బీ ముందు నడిచినా, అందరూ ఒకే మాట మీద నిలిచే క్రమశిక్షణ వారిలో లేదు. మే 12న పిరమిడ్ సరస్సులో కలిసే ట్రకీ నది లోయలో నుమగా నాయకత్వంలోని పైయూట్‌లు వారిని చుట్టుముట్టగా, ఆర్మ్స్‌బీతో సహా 70 మందికి పైగా మరణించారు. అంతకుముందు యుద్ధం వద్దని తనవారికి నచ్చజెప్పినవాడు ఈ నుమగాయే కావడం నన్ను ఎంతగానో కలచివేస్తుంది.

రెండవదైన వాషో రెజిమెంట్‌ను టెక్సాస్ సరిహద్దులను కాచే సాయుధ దళమైన టెక్సాస్ రేంజర్లలో పేరుపొందిన కల్నల్ జాన్ హేస్ కంపెనీలుగా విభజించి నిలబెట్టాడు. ఐదు వందలకు పైబడిన ఈ స్వచ్ఛంద సైనికులకు కాలిఫోర్నియా నుంచి కెప్టెన్ జోసెఫ్ స్టువర్ట్ తెచ్చిన ప్రభుత్వ సైన్యం తోడై, జూన్ 2న పైయూట్‌లను వెనక్కి నెట్టింది.

సైనికంగా రెండవదే మేలైనదని ఒప్పుకోక తప్పదు. అయితే బాలికలకు జరిగిన అన్యాయానికి న్యాయం చేయడానికి మాత్రం ఏ దళమూ బయలుదేరలేదు. ఆ వేసవిలోనే ప్రభుత్వ సైన్యం కార్సన్ నది ఒడ్డున ఫోర్ట్ చర్చిల్ అనే సైనిక స్థావరాన్ని కట్టడం మొదలుపెట్టింది.