సగంలో తెగిన టేపు: డీప్ పర్పుల్ 'మేడ్ ఇన్ జపాన్'తో ముప్పై ఏళ్లు

ఇంగ్లండు రాక్ బృందం డీప్ పర్పుల్ కచేరీ రికార్డు 'మేడ్ ఇన్ జపాన్' నా చేతికి మొదట అరవై నిమిషాల క్యాసెట్టుగా వచ్చింది. 1995లో మా బావ విశాఖపట్నంలో చదువుకుంటూ, స్నేహితుడి దగ్గరున్న టేపు నుంచి ఎక్కించి తెచ్చాడు. అసలు రికార్డు నిడివి డెబ్బై ఆరు నిమిషాలు. మిగిలిన పదహారు నిమిషాలకు ఆ క్యాసెట్టులో చోటు లేదు. ఆ సంగతి తెలియకుండానే ఆరేళ్లు విన్నాను. మొదటి వైపు 'హైవే స్టార్', 'చైల్డ్ ఇన్ టైమ్', 'స్మోక్ ఆన్ ద వాటర్' అయ్యాక 'ద మ్యూల్' మొదలయ్యేది. మూడున్నర నిమిషాలు గడిచేసరికి టక్కున ఆగిపోయేది. ఆ పాట అంతే అనుకున్నాను.

మాది కోనసీమలోని ముక్తేశ్వరంలో మైక్ సెట్టు దుకాణం. నాన్నగారి కాలం నుంచీ పెళ్లిళ్లకు, తీర్థాలకు, హరికథలకు మైకులు పెట్టడమే మా పని. అందువల్ల ఏది విన్నా నా చెవి ముందు పాట మీదికి పోదు, ధ్వని ఎక్కడి నుంచి వస్తున్నదో వెతుకుతుంది. ఈ రికార్డు నన్ను పట్టుకున్నది అక్కడే. గిటారు ఒక పక్క, ఆర్గన్ మరో పక్క, నడుమ డ్రమ్ములు, వాటి కింద రోజర్ గ్లోవర్ బాస్ గిటారు. కళ్లు మూసుకుంటే ఎవరు ఎక్కడ నిలబడ్డారో చెప్పవచ్చు. జాన్ లార్డ్ తన హామండ్ ఆర్గన్‌ను గిటార్లకు వాడే మార్షల్ యాంప్లిఫయర్‌లోకి కలిపి వాయించేవాడు. అందుకే అది గుడిలో హార్మోనియంలా మెత్తగా ఉండదు, గిటారుకు ఎదురు నిలిచి గర్జిస్తుంది. రిచీ బ్లాక్‌మోర్ గిటారు సన్నగా, కత్తిలా వస్తుంది. రెండూ ఒకే స్థాయిలో అరుస్తున్నా ఒకదానిని మరొకటి మింగవు. ఇది ఎంత కష్టమో మిక్సర్ ముందు కూర్చున్నవాడికి తెలుస్తుంది.

ఇదంతా 1972 ఆగస్టు 15, 16 తేదీల్లో ఒసాకాలోనూ, 17న టోక్యోలోని బుడోకాన్ హాల్లోనూ జరిగిన కచేరీల ధ్వని. రికార్డింగ్ ఇంజనీరు మార్టిన్ బర్చ్ ఎనిమిది ట్రాకుల టేపు యంత్రం మీద పట్టాడు. బృందానికి కచేరీ రికార్డు వేయాలన్న కోరికే లేదట. జపాన్ రికార్డు కంపెనీ అడిగితే, అక్కడ అమ్మేవరకే అని ఒప్పుకున్నారు. ఆ ట్రాకులను కలిపే పనికి కూడా గ్లోవర్, డ్రమ్ములు వాయించే ఇయాన్ పెయిస్ ఇద్దరే కూర్చున్నారు. తరువాత స్టూడియోలో వాయించి అతికించినది ఏమీ లేదు. ఇంత తక్కువ పట్టింపుతో మొదలైన రికార్డు వాళ్ల పేరు చెప్పగానే గుర్తుకొచ్చేదిగా నిలిచింది. నా లెక్కలో కారణం ఒక్కటే. ఆ మూడు రోజులూ ఐదుగురు ఒకరినొకరు వింటున్నారు. ఆ వినడం మనకు వినిపిస్తుంది.

1996 నవంబరు 6 రాత్రి తుపాను గురించి కోనసీమలో ఎవరికీ వివరించనక్కరలేదు. తెల్లారేసరికి మా వీధిలో నిలబడిన కొబ్బరిచెట్టు వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉంది. కరెంటు చాలా రోజులు రాలేదు. మా దగ్గర ఊరేగింపులకు వాడే పన్నెండు వోల్టుల బ్యాటరీలు ఉండేవి. వాటితో రేడియో పెడితే చుట్టుపక్కల వాళ్లు వచ్చి వార్తలు వినేవారు. పాటలు పెట్టాలని ఎవరికీ మనసు రాలేదు. పది రోజుల తరువాత ఒక రాత్రి, అందరూ వెళ్లాక, చాలా చిన్నగా 'చైల్డ్ ఇన్ టైమ్' పెట్టాను. పన్నెండు నిమిషాల పాట. మొదట ఆర్గన్ నింపాదిగా నడుస్తుంది. ఆ వరస వాళ్ల సొంతం కాదు, 'ఇట్స్ ఎ బ్యూటిఫుల్ డే' అనే అమెరికా బృందం వాయించిన 'బాంబే కాలింగ్' నుంచి వచ్చింది. దాని మీద గాయకుడు ఇయాన్ గిలన్ గొంతు మెల్లగా లేచి, లేచి, చివరికి మాటలు వదిలేసి కేకగా మారుతుంది. అరుగు మీద పడుకున్న నాన్నగారు లేచి కూర్చున్నారు. "ఎందుకురా ఆ అబ్బాయి అలా ఏడుస్తున్నాడు?" అని అడిగారు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని మనిషి. నేను జవాబు చెప్పలేకపోయాను. పాట అయ్యేదాకా ఆయన పడుకోలేదు.

2001లో హైదరాబాదు నుంచి సీడీలు తెప్పించాను. కోటిపల్లి రేవులో పంటు ఎక్కి, గౌతమి దాటుతూ అట్ట వెనక నిమిషాలు చదివాను. 'ద మ్యూల్' తొమ్మిదిన్నర నిమిషాలు అని ఉంది. ముద్రణ తప్పేమో అనుకున్నాను.

తప్పు కాదు. నా టేపు తెగిన చోటు నుంచే పెయిస్ ఒంటరిగా వాయించడం మొదలవుతుంది. ఆరేళ్లుగా నేను గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయానన్నమాట. మన కచేరీలో మృదంగం ఒంటరిగా వాయించే తని ఆవర్తనానికి కొందరు లేచి బయటికి పోతారు. రాక్ కచేరీల్లోనూ డ్రమ్ముల వంతు వచ్చేసరికి విసుక్కునేవాళ్లు ఉంటారు. పెయిస్ దగ్గర ఆ విసుగు రాదు. అతను బలం చూపించడు. చిన్న డ్రమ్ము మీద పుల్లలను వానచినుకుల్లా రాల్చి, సన్నగా చేసి, ఒక్కసారిగా వరద వదులుతాడు. లయ ఎక్కడా జారదు. కనుమనాడు జగ్గన్నతోట తీర్థంలో ప్రభ భుజాల మీదికి లేచే క్షణాన డప్పుల జోరు విన్నవారికి ఆ పులకరింత కొత్త కాదు.

'స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ వుమన్'లో గిటారు ఒక వరస వేస్తే గిలన్ గొంతుతో దానినే తిరిగి పలుకుతాడు. స్వరకల్పనలో గాయకుడి వెంట వయొలిన్ నడిచినట్టే, అయితే ఇక్కడ వాద్యం ముందు, గొంతు వెనక. పాటల మధ్య ఒకచోట, అన్నీ అన్నిటికన్నా గట్టిగా వినిపించేలా పెట్టగలరా అని అతను మైకుల వాళ్లను అడుగుతాడు. వేదిక మీది నుంచి నేను ఏళ్ల తరబడి వింటున్న కోరిక అది. జపాన్‌లోనూ అదే అడిగారని తెలిసి ఆ మైకుల వాళ్లు నాకు చుట్టాలయ్యారు.

లోపం చెప్పాలంటే 'స్పేస్ ట్రకిన్'. ఇరవై నిమిషాల ఈ పాట నడుమ ఐదారు నిమిషాలు దారి వెతుక్కుంటుంది. ఆర్గన్ చేసే చప్పుళ్లు అక్కడ కూర్చున్నవారికి ఎలా ఉన్నాయో గానీ, ఇంట్లో వింటే సాగదీసినట్టుంటుంది. అయినా దాటవేయను. చివర్లో అందరూ మళ్లీ కలిసేచోటు ఆ ఎదురుచూపు లేకపోతే పండదు.

ఏది కొనాలని అడిగేవారికి: 1998లో వచ్చిన రెండు సీడీల ముద్రణ చాలు. అదనంగా 'బ్లాక్ నైట్', 'స్పీడ్ కింగ్', 'లూసిల్' ఉన్నాయి. 1993 నాటి మూడు సీడీల సెట్టు రోజుకొకలా ఎలా వాయించారో పోల్చి చూసుకునేవారికి. పాత నల్ల రికార్డు జత కూడా సంపాదించాను. ధ్వని నిండుగా ఉంటుంది, కానీ మా గాలి తేమకు రెండు వానాకాలాల్లోనే అట్టకు బూజు పట్టింది. కోనసీమలో ఉండేవారు బీరువాలో నిలువుగా, గాలి తగిలేలా పెట్టుకోవాలి.

ఈ జట్టు ఆ తరువాత ఏడాది కూడా నిలవలేదు. 1973 జూన్ 29న, మళ్లీ ఒసాకాలోనే, గిలన్, గ్లోవర్ అప్పటికి చివరి కచేరీ చేసి వెళ్లిపోయారు.

ఆ క్యాసెట్టు ఇప్పుడు తిరగదు, దుకాణంలో సొరుగులో ఉంది. సంక్రాంతి పనులకు ముందు బాక్సులన్నీ బయట పెట్టి పరీక్షించేటప్పుడు 'ద మ్యూల్' పెడతాను. మూడున్నర నిమిషాల దగ్గర నుంచి.