ఎడమ నుంచి వంగితే ఒప్పు, కుడి నుంచి వంగితే తప్పు

గీతల బోర్డు మీద నల్ల, తెల్ల రాళ్లతో ఆడే గో ఆటలో చావుబతుకుల సమస్యలు (చుట్టుముట్టిన రాళ్ల గుంపు బతుకుతుందా, చస్తుందా అని తేల్చాల్సినవి) ఇచ్చే ఈ యాప్‌ని కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఇందులో ఎన్ని వేల సమస్యలున్నాయి, డబ్బు కడితే ఏమేం తెరుచుకుంటాయి అన్నవి డౌన్‌లోడ్ చేసే చోటే కనిపిస్తాయి కాబట్టి వాటి జోలికి పోను. నా గొడవంతా ఒక్కదాని గురించే. మనం రాయి పెట్టగానే అవతలివాడి తరఫున యాపే ఎదురు ఎత్తు వేసి, చివర్లో ఒప్పో తప్పో తేల్చేసే పద్ధతి గురించి.

అసలు ఆ పద్ధతి నచ్చే దీన్ని పట్టుకున్నాను. పుస్తకంలో జవాబు పేజీ తిప్పితే సరైన ఎత్తు ఏదో తెలుస్తుంది గానీ, మనకు తోచిన ఎత్తు ఎందుకు పనికిరాదో చాలాసార్లు ఉండదు. యాప్ అయితే అక్కడికక్కడే చూపిస్తుంది. ఉదాహరణకు లోపల అయిదు ఖాళీలు ముద్దగా ఉన్న గుంపును చంపాలంటే కీలకమైన చోటు ఒక్కటే. ఇంకెక్కడ పెట్టినా తెల్ల వచ్చి ఆ చోట కూర్చుని రెండు కళ్లు (అవతలివాడు నింపలేని రెండు విడివిడి ఖాళీలు, అవి ఉంటే గుంపు చావదు) చేసేసుకుంటుంది. నాలుగైదు సార్లు ఇలా దెబ్బ తింటే ఆ ఆకారం ఇక మర్చిపోం. ఆ ఊపులో ఆఫీసులో ఆట నేర్చుకుంటున్న కుర్రాళ్లందరి ఫోన్లలోనూ దగ్గరుండి వేయించాను. ఇప్పుడు కూడా వేయిస్తాను. కాకపోతే మొదటి ఆర్నెల్లకే అని చెప్పి వేయిస్తాను.

ఎందుకంటే ఆ ఏడు రాళ్ల సంగతి.

బోర్డు అంచు నుంచి రెండో గీత మీద వరసగా ఏడు తెల్లరాళ్లు. పైనా, రెండు పక్కలా నల్ల గోడ. గో ఆడేవాళ్లకు ఇది నోటిలెక్క: రెండో గీత మీద ఆరు ఉంటే చావు, ఎనిమిది ఉంటే బతుకు, ఏడుంటే ముందు ఎవరి వంతో చూడాలి. (మూలలో లెక్క వేరు. అక్కడ నాలుగు చావు, ఆరు బతుకు.) ఇక్కడ వంతు నల్లది. ఒక కొస నుంచి మొదటి గీత మీదకు వంగితే, అంటే కొసనున్న తెల్లరాయి కింద రాయి పెడితే, తెల్లకు చోటు తగ్గి, ఏడు కాస్తా ఆరు లెక్కలోకి వస్తుంది. ఏ కొస నుంచి అని ఎవరూ అడగరు. బొమ్మను నిలువునా మధ్యకు మడిస్తే రెండు సగాలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి.

తార్నాకలో మెట్రో ఎక్కి రాయదుర్గం దాకా వెళ్లే దారిలో నేను వీటిని చేస్తుంటాను. అమీర్‌పేటలో జనం మారే గందరగోళంలో ఒక చేత్తో రాడ్డు, ఇంకో చేత్తో ఫోను. కుడి బొటనవేలికి కుడి కొస దగ్గర కాబట్టి అటు నుంచి వంగాను. ఎర్రగుర్తు వచ్చింది. ఎదురు ఎత్తు కూడా వేయలేదు, నేరుగా తప్పు అని తేల్చేసింది. మళ్లీ అదే ఎత్తు, మళ్లీ ఎర్రగుర్తు. ఎడమ నుంచి వంగితే పచ్చగుర్తు.

ఆదివారం మా మేనల్లుడు ఇంటికొస్తే చూపించాను. గోలో వాడు నాకంటే బాగా గట్టి. చూసి నవ్వి, "అద్దం ముందు పెట్టుకుని ఆడు మామా, సరిపోతుంది" అన్నాడు. వాడు సరదాకే అన్నాడు గానీ, యాప్ సెట్టింగుల్లో నిజంగానే ఆ అద్దం ఉంది. ఒకే బొమ్మ కళ్లకు అలవాటు కాకుండా బోర్డును తిప్పి, తిరగేసి చూపించే ఏర్పాటు. అది ఆన్ చేసి అదే సమస్యను తెరిచాం. ఈసారి కుడి నుంచి వంగితే ఒప్పు, ఎడమ నుంచి వంగితే తప్పు! రాళ్ల అమరిక మాత్రం ముందు ఎలా ఉందో అచ్చం అలాగే ఉంది. ఇద్దరం కాసేపు అటూ ఇటూ మారుస్తూ కూర్చున్నాం. టీ చల్లారిపోయింది.

మేనల్లుడు చెప్పింది ఏమిటంటే, ఇలాంటి యాప్ ఏమీ ఆలోచించదు. సమస్య రాసినవాళ్లు ఏ ఎత్తుకు ఏ జవాబు అని ఒక చెట్టులా రాసిపెడతారు. మనం పెట్టిన రాయి ఆ కొమ్మల్లో ఉంటే దాని తర్వాతి ఎత్తు వేస్తుంది, లేకపోతే తప్పు అంటుంది. ఎదురు ఎత్తు లేకుండా ఎర్రగుర్తు వచ్చిందంటే "తప్పు" అని కాదు, "నా దగ్గర రాసిలేదు" అని. ఆ రెండింటికీ ఒకే రంగు వాడడమే నాకు మండుకొచ్చే విషయం. తయారుచేసినవాళ్లకు రాస్తే మర్యాదగానే జవాబిచ్చారు. ఆ ఏడు రాళ్లు మాత్రం ఈ రోజుకీ అలాగే ఉన్నాయి.

దీనికి ఇంకో ముఖం ఉంది, అది ఎక్కువ నష్టం. అవతలివాడు నాలుగు రకాలుగా ఎదురు తిరగగలిగే చోట చెట్టులో ఒకటే కొమ్మ ఉంటే, ఆ ఒక్కదాన్ని తిప్పికొట్టగానే పచ్చగుర్తు వచ్చేస్తుంది. మిగతా మూడింటికి మన దగ్గర జవాబు ఉందో లేదో ఎవరూ అడగరు. ఎదురు తిరిగినవాడు కో (ఒకే చోట ఇద్దరూ ఒకరి రాయినొకరు మార్చి మార్చి పట్టుకునే పోరు) మొదలుపెట్టగలిగితే మనం బతికామన్నది కూడా సగం నిజమే. ఎదుట మనిషి కూర్చుంటే ఆ మూడూ వరసగా మన మీదకే వస్తాయి.

పాత సంకలనాల్లో ఈ బాధ తక్కువ, అది ఒప్పుకోవాలి. 1812లో జపాన్ గో ఆటగాడు హయాషి గెన్బి కూర్చిన సమస్యలు ఇందులో ఉన్నాయి. అవి ఒకే దారి ఉండేలా చెక్కినవి, కాబట్టి ఒకే కొమ్మ ఉన్నా చాలావరకు సరిపోతుంది. సమస్య పైన "నల్ల ఆడి బతకాలి" అని ముందే చెప్పేస్తే సగం ఆట అయిపోయినట్టే కదా అని యాప్ మీద ఇంకో చిరాకు ఉండేది. ఆ సంకలనంలోనూ బతకడం, చంపడం, కో అంటూ విడదీసే పెట్టారని తెలిశాక ఆ గొడవ వదిలేశాను. చిక్కంతా నిజమైన ఆటల్లోంచి తీసిన ఆకారాలతోనే. వాటిలో రెండు మూడు దారులు మామూలే.

గో ఆడే కంప్యూటర్ ప్రోగ్రాం కటగో ఉంది కదా, దానితో సరిచూసుకోవచ్చు అంటారు. 2019 నుంచి ఉచితంగా దొరుకుతోంది, మేనల్లుడి ల్యాప్‌టాప్‌లోనూ ఉంది. కాకపోతే అది మూలను కాదు, మొత్తం బోర్డును గెలవాలని చూస్తుంది. మిగతా బోర్డు ఖాళీగా వదిలేసి మూలలో సమస్య పెడితే, ఆ గుంపును దాని ఖర్మానికి వదిలేసి ఇంకో మూలకు పోగలదు. ఆ మూలే గెలుపోటములు తేల్చేలా మిగతా బోర్డంతా రాళ్లు నింపాలి. నిలబడి ప్రయాణం చేసేవాడికి అయ్యే పని కాదు.

ప్రస్తుతం నేను చేస్తున్నది ఇది. ఇందులో రెండు రంగుల రాళ్లూ మనమే పెట్టుకునే వీలుంది, మెనూలో చాలా లోపల. సమస్య రాగానే దానిలోకి వెళ్లి తెల్లవైపు నాకు తోచిన మొండి ఎత్తులన్నీ నేనే వేసుకుంటాను. అన్నిటికీ జవాబు కుదిరాకే బయటికొచ్చి పరీక్షకు పెడతాను. అప్పుడు ఎర్రగుర్తు వస్తే మేనల్లుడికి ఫొటో పంపిస్తాను. ఇలా చేస్తే తార్నాక నుంచి రాయదుర్గానికి ఒక్క సమస్య పూర్తవడమే గొప్ప. రోజుకు ఇన్ని చేశావని యాప్ ఇచ్చే బిళ్లలు ఆగిపోయాయి, వాటితో నాకు పనీ లేదు.

కొనాలా వద్దా అంటే, మా ఇంటి చుట్టుపక్కల గో ఆడేవాళ్లు లేరు, మేనల్లుడు వచ్చేది వారానికోసారి, చత్వారం వల్ల మెట్రోలో పుస్తకం చదవలేను. ఈ మూడూ కలిశాయి కాబట్టి నేను డబ్బు కట్టి వాడుతున్నాను, వచ్చే ఏడాదీ కడతాననే అనుకుంటున్నాను. ఎదురుగా కూర్చుని ఆడే మనిషి దొరికినవాళ్లు ఉచితంగా వచ్చే భాగంతో సరిపెట్టుకోవచ్చు. కొనేవాళ్లు మాత్రం ఆ తిరగేసే సెట్టింగును మొదటి రోజే ఆన్ చేసుకోండి.