బ్యాటరీ ఆరోగ్యం 100 శాతం అని చూపించి అంటగట్టే పాత ఫోన్లతో జాగ్రత్త

పాత ఫోన్లు అమ్మే ఆ పెద్దమనిషిని మీలో చాలామంది ఎరుగుదురు కనుక పరిచయం అనవసరం. ఆయన దగ్గర నేను కొన్న ఫోనుపై చిన్న గీత కూడా లేదు. సెట్టింగులు తెరిచి బ్యాటరీ ఆరోగ్యం (కొత్తప్పటితో పోలిస్తే ఇప్పుడు ఎంత ఛార్జి పట్టగలదో చెప్పే అంకె) 100 శాతం అని చూపించి, "ఇంతకన్నా ఏం కావాలండీ?" అన్నారు.

ఛార్జింగు ఇంకా 40 శాతం ఉండగానే, కెమెరా తెరిచి వీడియో మొదలుపెట్టిన మరుక్షణం ఫోను ఆగిపోయింది. ఛార్జరు తగిలించి వెలిగిస్తే మళ్లీ దాదాపు అదే అంకె కనిపించింది. యాప్‌లు తినేస్తున్నాయేమోనన్న అనుమానంతో, మనం వేసుకున్న యాప్‌లన్నీ ఆపి ఫోనును నడిపే సేఫ్ మోడ్‌లో పెట్టినా అదే వరస. రాత్రంతా ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచితే మాత్రం అంకె పెద్దగా కదలలేదు కనుక, తప్పు వెనుక నడిచే యాప్‌లది కాదని తేలిపోయింది. వాడి వాడి ముదిరిన లిథియం అయాన్ బ్యాటరీలో లోపలి నిరోధం, అంటే కరెంటును అడ్డుకునే గుణం, పెరుగుతుంది. కెమెరా, ప్రాసెసరు కలిసి ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగేసరికి వోల్టేజి కుప్పకూలి, ఛార్జి మిగిలి ఉండగానే ఫోను ఆగిపోతుంది.

ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన ఇచ్చిన సమాధానం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. "మీ వాడకం ఎక్కువండీ, మా దగ్గర ఉన్నన్నాళ్లూ బాగానే నడిచింది, కావాలంటే బ్యాటరీ వినియోగం పేజీ చూసుకోండి" అన్నారు. ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి పాత వినియోగమంతా తుడిచేసి నా చేతికిచ్చిన మనిషి, ఆ ఖాళీ పేజీనే సాక్ష్యానికి పిలిచారు! ఫోను ఆగిపోతుండగా వేరే ఫోనుతో వీడియో తీసి పంపితే, "ఇంత చక్కగా తీసిన ఫోను ఉండగా ఇది మీకెందుకండీ?" అని ఒక నవ్వు బొమ్మ తగిలించి, ఆ వెంటనే నా నంబరును బ్లాక్ చేశారు. ఎంత మర్యాదో చూడండి, చివరిదాకా "అండీ" మాత్రం వదల్లేదు.

మెకానిక్ వెనుక మూత తీసి చూపించాడు. అంచుల వెంట ఉన్నది కంపెనీ జిగురు కాదు, ఎవరో చేత్తో పూసినది. బ్యాటరీ మధ్యలో కొంచెం ఉబ్బి ఉంది, దాని పైఅంచున ఉండే సన్నని సర్క్యూటు బోర్డు మీద టేపు మాత్రం కొత్తగా మెరుస్తోంది. ఆరోగ్యం అంకెకు చాలా ఫోన్లలో ఆధారం ఆ బోర్డులో దాచిన లెక్కలేనట. వాటిని తిరగరాసే పరికరాలు రిపేరు చేసేవాళ్ల దగ్గర మామూలుగానే ఉంటాయట. నాకు చూపించిన 100 ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు అర్థమైంది.

కొనబోయేవారు ఆ అంకెను పక్కన పెట్టి, ఛార్జింగు సగానికి దిగువన ఉన్నప్పుడు టార్చి వెలిగించి, తెర వెలుగు పూర్తిగా పెంచి, అమ్మే మనిషి ఎదుటే కాసేపు వీడియో తీసి చూడండి. రీసెట్ చేయకముందే వినియోగం పేజీ చూపమని అడగండి. ఐఫోన్ అయితే, ఎక్స్‌ఎస్, ఎక్స్‌ఆర్ నుంచి తరువాతి వాటిలో బ్యాటరీ అసలుదో కాదో సెట్టింగులే చెబుతాయి. వెనుక మూత గానీ తెర గానీ ఒక మూల లేచి కనిపిస్తే బేరం అక్కడితో ఆపేయండి. ఇప్పటికే అలాంటిది కొనేసి ఉంటే, బ్యాటరీ మార్పించేదాకా దాన్ని ఛార్జింగులో పెట్టకండి.